మల్కిభరాముని ప్రవాసము

మంచాల నుండి భాగ్యనగరమునకు పోవువారు ఇబ్రహీంపట్నము మీదుగా పోవుట వాడుక. ఆ ఊరి పేరును మనము దినమునకు పదిసార్లు పలుకుచుందుము. ఆ పేరు ఎవ్వరిదో, అచటి పెద్దచెరువు ఎవ్వరి కాలమునాటిదో తలపోయువారు మాత్రము తక్కువ. గోల్కొండ నేలిన కుతుబ్‌షాహీ ప్రభువులలో నాల్గవవాడగు ఇబ్రహీం కులీ కుతుబ్ షా పేర వెలసిన పట్టణమది. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని ఆప్యాయముగా పిలుచుకొన్నారు. ఉర్దూ, తెలుగు భాషలు రెండును తోబుట్టువులవలె మెలగు మన కళాశాల పత్రికలో ఆ ప్రభువు జీవితమును స్మరించుట ఉచితమని మేము భావించుచున్నాము.

రాజ్యస్థాపకుడైన సుల్తాన్ కులీ కుమారులలో ఇబ్రహీం కడసారివాడు. 1543లో వయోవృద్ధుడైన సుల్తాన్ కులీ గోల్కొండ మసీదులో ప్రార్థన చేయుచుండగా హత్యకు గురియైనాడు. ఆ కుట్రకు మూలము ఆయన కన్నకొడుకు జంషీదే. పెద్దన్న కుతుబుద్దీన్ కన్నులు తీయించి జంషీద్ సింహాసనమెక్కినాడు. ఇబ్రహీం అప్పుడు దేవరకొండలో నుండినాడు. తండ్రి పోయినాడు, అన్న గ్రుడ్డివాడైనాడు, ఇక తన వంతే మిగిలినదని గ్రహించుటకు ఆ యువకునికి ఎంతోసేపు పట్టలేదు. నమ్మిన కొద్దిమంది మిత్రులతో గుర్రములెక్కి మొదట బీదరు చేరినాడు. అచటి బరీద్‌షాహీ ప్రభువు ఆశ్రయమిచ్చినను ఆ స్నేహము నిలువలేదు. మరల గుర్రములకు జీనులు బిగించి, దక్షిణముగా విజయనగరమునకు దారి పట్టినాడు. ఆ ప్రయాణమున తోడు నిలిచినవారిలో ముస్లింలతోపాటు ఒక బ్రాహ్మణుడును ఉండినట్లు చరిత్రలు చెప్పుచున్నవి. పోయిన ఐశ్వర్యము తిరిగి వచ్చునో రాదో తెలియని రాకుమారుని వెంట నడచుట సామాన్యమైన స్నేహము కాదు.

మేము మిత్రులము కొందరము ఒక సెలవుదినమున మోటారు సైకిళ్ళపై పెద్దరోడ్డు విడిచి, లోపలి దారుల వెంట దేవరకొండకు పోయి ఆ దుర్గమును చూచి వచ్చితిమి. రాళ్ళగుట్టలు, ఎర్రనేలలు, చెరువుకట్టలు, ఈతవనములు దాటుచు పోవునప్పుడు పెట్రోలు తక్కువైనచో ఏ ఊరిలో దొరకునో అను చింతయే మాకు పెద్దది. నాటి పలాయితునకు గుర్రమునకు నీరు, గడ్డి దొరకు చెరువు ఏది, తన జాడ చెప్పని ఊరు ఏది అను చింతలుండి యుండును. పుస్తకములో ఒక వాక్యముగా చదివిన పలాయనము, ఎండలో దారి నడచినపుడే దూరముగా తోచును.

విజయనగరమున అళియ రామరాయలు ఆయనను ఆదరించి, జాగీరు నిచ్చి, అతిథిగా నిలుపుకొన్నాడు. ఆ జాగీరు అంతకుముందు అంబర్ ఖాన్ అను హబ్షీ సర్దారుది. అతడు కోపించి నడివీధిలో ఇబ్రహీంను నిలువరింపగా, ద్వంద్వయుద్ధమున ఇబ్రహీం అతనిని కూల్చినాడని ఫెరిష్తా వ్రాసినాడు. ఏడేండ్ల ఆ ప్రవాసమున ఆయన గడించినది ధనము కాదు. తెలుగు మాటయు, తెలుగు కవిత్వముపై మక్కువయు ఆ నగరమున ఆయనకు అబ్బినవి.

1550లో జంషీద్ మరణించినాడు. పసివాడైన అతని కుమారుడు సుభాన్‌ను గద్దెపై నిలిపి పెద్దలు కలహించుచుండగా, ముస్తఫా ఖాన్ మొదలగువారు ఇబ్రహీంకు కబురంపినారు. ఆయన వచ్చిన దారి కోయిల్‌కొండ మీదుగా సాగినది. అచటి వారు ఆయనకు విధేయులమై యుందుమని ప్రమాణము చేసినట్లు తెలుగు శాసనమొకటి కోయిల్‌కొండలో కలదు. గోల్కొండలోని నాయకవాడీలు చెరలోనున్న జగదేవరావును విడిపించి, కోటను ఇబ్రహీం పక్షమునకు తెచ్చినారు. కొద్దిమందితో పారిపోయినవాడు హిందూ ముస్లింల మద్దతుతో 1550లో పట్టాభిషిక్తుడైనాడు.

ఇచట చరిత్ర మనలను ఒక కఠినమైన ప్రశ్న ముందు నిలుపుచున్నది. అన్నము పెట్టిన రామరాయలపై ఇబ్రహీం కత్తి ఎత్తినాడు. తొలినాళ్ళలో ఆయనకు తోడుగా యుద్ధములకు పోయినవాడే, అహమ్మదునగరపు హుసేన్ నిజాం షా కుమార్తెను వివాహమాడి పక్షము మార్చినాడు. రామరాయల సేనలు గోల్కొండ రాజ్యముపై పడినవి. తుదకు 1565 జనవరి 23న జరిగిన తళ్ళికోట యుద్ధములో నాల్గు సుల్తానుల కూటమిలో ఇబ్రహీం ఒకడై నిలిచినాడు. రామరాయలు హతుడైనాడు, విజయనగరము కొల్లగొట్టబడినది. మతవైరమే దీనికి కారణమనుట తేలిక. కాని అంతకుముందు అదే సుల్తానులు ఒకరిపై ఒకరు రామరాయలనే తోడు తెచ్చుకొనినవారు. రాజ్యరక్షణమని కొందరు, కృతఘ్నతయని కొందరు అందురు. రాజ్యభయము నిజమే యైనను, తిన్న ఉప్పు మాట మాసిపోదని మా అభిప్రాయము.

ఆ మనుష్యుని ఋణము తీర్చని ప్రభువు, ఆ నగరమిచ్చిన భాష ఋణమును మాత్రము తీర్చుకొన్నాడు. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమొసగినాడు. కందుకూరి రుద్రకవి ఆయన ఆదరమును పొందినాడు. ప్రభువును చూచి అధికారులును ఆ బాట పట్టినారు. పటాన్‌చెరువు ప్రాంతపు అమీన్ ఖాన్‌కు పొన్నెగంటి తెలగనార్యుడు యయాతిచరిత్రమును అంకితము చేసినాడు. తొలి అచ్చతెలుగు కావ్యమునకు కృతిభర్త ఒక ముస్లిం సర్దారగుట మన ప్రాంతము గర్వింపదగిన విషయము.

నీటి యెడలను ఆయన పాలన శ్రద్ధ చూపినది. హుసేన్ సాగరము, ఇబ్రహీంపట్నపు చెరువు ఆయన కాలపు నిర్మాణములు. గోల్కొండ కోటను రాతితో బలపరచినాడు. మూసీపై 1578లో కట్టిన పురానాపూల్ నేటికిని నిలిచి యున్నది. 1580లో ఆయన పరమపదించి గోల్కొండ సమాధులలో విశ్రమించినాడు. ఆయన కుమారుడు మహమ్మద్ కులీ 1591లో హైదరాబాదు నగరమును నిర్మించి, దక్కనీ ఉర్దూలో గొప్ప దీవానును రచించినాడు. తండ్రి తెలుగు కవులను పోషించెను; కుమారుడు ఉర్దూ కవి యయ్యెను. రెండు భాషలును ఒకే ఇంట పెరిగినవి.

విద్యార్థి మిత్రులారా! సెలవులలో వాహనములెక్కి దూరపు నగరములకు పరుగెత్తువారు ఒక్కసారి దేవరకొండకు, కోయిల్‌కొండకు లోపలి దారులలో పోయి చూడుడు. తోటివారిలో ఉర్దూ మాటలాడువారొకరు, తెలుగు మాటలాడువారొకరు ఉండునట్లు చూచుకొనుడు. ఒకరికి తెలియని శాసనమును మరొకరు చదివి చెప్పుదురు. ఇబ్రహీంపట్నపు కట్టపై కొంచెము నిలిచి, నిండిన నీటిని చూచి, ఆ ప్రభువు చేసిన మేలును, చేసిన తప్పును కూడ తలచుకొనుడు.