కంటికి కనబడని కదలికను కొలిచిన జగదీశ్ చంద్రబోస్

మీ మణికట్టు మీద వేలు పెట్టి చూడండి. నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. మరి, మొక్క పెరుగుతున్నప్పుడు ఆ కదలిక మన వేలికి తెలుస్తుందా? తెలియదు. అంత చిన్న కదలికను అయస్కాంతం సాయంతో కంటికి కనబడేటట్లు చేసిన శాస్త్రజ్ఞుడు జగదీశ్ చంద్రబోస్. ఆయన జీవితాన్ని గురించి తెలుసుకుందాం.

బోస్ 1858 నవంబరు 30న ఇప్పటి బంగ్లాదేశ్ ప్రాంతంలో జన్మించాడు. తండ్రి భగవాన్ చంద్ర ప్రభుత్వోద్యోగి. అయినా కొడుకును మొదట రైతుల పిల్లలు, జాలరుల పిల్లలు చదివే బెంగాలీ బడికే పంపాడు. తరువాత బోస్ కలకత్తాలోను, ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలోను చదువుకున్నాడు.

1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడుగా చేరాడు. అక్కడ అదే పనికి ఆంగ్లేయులకు ఎక్కువ జీతం, భారతీయులకు తక్కువ జీతం ఇచ్చేవారు. ఇంటి మీద తండ్రి చేసిన అప్పులున్నాయి. అయినా బోస్ మూడేళ్లపాటు జీతం ముట్టకుండా పాఠాలు చెప్పాడు. చివరకు ప్రభుత్వం దిగివచ్చి, పాత బకాయితో సహా పూర్తి జీతం ఇచ్చింది. ఆ డబ్బుతో అప్పులు తీర్చాడు.

1917 నవంబరు 30న కలకత్తాలో బోస్ విజ్ఞాన మందిరాన్ని స్థాపించాడు. మొక్కల పెరుగుదలను కొలిచే క్రెస్కోగ్రాఫ్ ఆయన తయారుచేసిన పరికరమే. దానిలో ఒక రకం అయస్కాంత క్రెస్కోగ్రాఫ్. మొక్కకు సన్నని అయస్కాంతపు మీటను తగిలిస్తారు. మొక్క పెరిగితే మీట కదులుతుంది. అప్పుడు దాని దగ్గర వేలాడే అయస్కాంతపు సూది తిరుగుతుంది. సూదికున్న చిన్న అద్దం మీద పడిన వెలుగు దూరాన ఉన్న తెర మీద జరుగుతుంది. ఈ విధంగా కదలిక కోటి రెట్ల వరకు పెద్దదై కనబడుతుంది.

లండనులో కొందరు దీనిని నమ్మలేదు. బోస్ కోపగించుకోలేదు. 1920లో శాస్త్రజ్ఞుల ఎదుటనే ప్రయోగం చేసి చూపాడు. కొలత సరైనదేనని వారు ప్రకటించారు. ఆ సంవత్సరమే ఆయన రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. అయితే మొక్కల గురించి ఆయన చెప్పిన విషయాలన్నింటినీ శాస్త్రజ్ఞులు అంగీకరించలేదు.

1937 నవంబరు 23న గిరిడీలో బోస్ మరణించాడు. 1963లో అమెరికాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు మన గుండె పుట్టించే అయస్కాంత క్షేత్రాన్ని, శరీరానికి గాయం చేయకుండా బయటినుంచే కొలిచారు. అది భూమి అయస్కాంత క్షేత్రం కంటే కొన్ని లక్షల రెట్లు బలహీనమైనది. అది బోస్ చేసిన పని కాదు. కాని అతి చిన్న కదలికను కూడా ఓపికతో కొలవవచ్చునని ఆయన ముందే చూపించాడు.

ఆలోచించండి: జీతం విషయంలో బోస్ ఉద్యోగం మానకుండా, పాఠాలు చెబుతూనే నిరసన తెలిపాడు. ఎందుకు?