డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారికి మన ఎముకల ఋణము

దాదరు మొదలుకొని కామాఠిపుర వరకు మన చాళ్లలో తుంటియెముక విరిగిన పెద్దలు, మోకాళ్లు చెడిన తల్లులు ఎందరో కలరు. డాక్టరు టిటానియం లోహము అమర్చవలెనని చెప్పినప్పుడు ఇంటివారికి పుట్టే సందేహం ఒక్కటే: ప్రాణం లేని లోహాన్ని ప్రాణమున్న ఎముక పట్టుకొంటుందా? ఈ సందేహం తీర్చిన విద్యకు పరికరములందించినవారిలో ఒక తెలుగుబిడ్డ ఉన్నారని మనలో చాలమంది ఎరుగరు. ఉగాదినాడు వారిని స్మరించుకొందాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసులో గట్టెక్కారు. మెట్రిక్‌తోనే చదువు చాలించి గుమాస్తాలమైన మాకు ఈ సంగతి ఎన్నడూ మరపురాదు. వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకొన్నారు. 1922లో భార్య శేషగిరిగారిని విడిచి అమెరికాలోని బోస్టను చేరి, ఆస్పత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడిగి పొట్టపోసుకొంటూ చదివారు.

1925లో ఫిస్కె అను ఆచార్యునితో కలిసి భాస్వరమును కొలిచే పద్ధతిని ప్రకటించారు. భాస్వరమెంత ఉంటే ద్రావకంలో నీలిరంగు అంత చిక్కనౌతుంది. ఎముకకు గట్టిదనమిచ్చేది సున్నము, భాస్వరముల లవణమే కనుక, ఈ పద్ధతి రక్తంలోను ఎముకలోను భాస్వరము కొలుచుటకు లోకమంతటా వాడుకలోకి వచ్చింది.

1940లో లెడర్లీ కంపెనీలో చేరి అక్కడి పరిశోధనలను నడిపారు. ఫోలిక్ ఆమ్లము, బోదకాలు వ్యాధికి హెట్రజాన్, 1948లో డగ్గర్‌గారు ప్రకటించిన ఆరియోమైసిన్ ఆ పరిశోధనల ఫలములే. ఆ ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, స్వదేశం తిరిగి చూడకుండానే కన్నుమూశారు. శేషగిరిగారి నిరీక్షణ అట్లే ముగిసింది.

టిటానియంపై వారు పనిచేయలేదు. ఆ లోహంతో ఎముక కలిసిపోవుటను స్వీడన్‌లో బ్రోనెమార్క్‌గారు గమనించినది 1952 ప్రాంతంలో. కాని ఆరియోమైసిన్ కుటుంబపు మందైన టెట్రాసైక్లిన్, కొత్తగా పుట్టే ఎముకలో చేరి అతినీలలోహిత కాంతిలో పచ్చగా మెరుస్తుందని 1957లో తేలింది. కొన్ని దినాల ఎడంతో రెండుసార్లు ఇస్తే రెండు గీతలు పడతాయి. వాటి నడిమి దూరమే ఎముక పెరిగిన కొలత. లోహం చుట్టూ ఎముక పెరుగుదలను శాస్త్రజ్ఞులు ఇట్టి గీతలతో కొలుస్తున్నారు.

వారు గ్రహించినదేమి? నున్నని టిటానియంపై ఎముక కణాలు సులువుగా పరచుకొని సంఖ్యలో పెరుగుతాయి. ఇసుకవంటి రేణువులతో కొట్టి, ఆమ్లంతో తినిపించిన గరుకు తలంపై అవి కొంత తక్కువగా పెరిగినా, త్వరగా ముదిరి లవణమును పేరుస్తాయి. ఎముక పట్టు బిగుస్తుంది. మన కామాఠీ మేస్త్రీలు నున్నని గోడకు గాట్లు పెట్టిగాని గిలాబు వేయరు గదా! కొన్నిటికి సున్న భాస్వరముల పూత కూడ పూస్తారు. అయితే గరుకు మితిమీరితే సూక్ష్మక్రిములకూ ఆశ్రయమౌతుంది. ఎవరికి ఏది తగునో నిర్ణయించుట వైద్యుల పని.

మన చాళ్లలో పరీక్ష తప్పి తలవంచుకొన్న పిల్లవాడు కనిపిస్తే, మందలించుటకు ముందు సుబ్బారావుగారి కథ చెప్పవలెనని సోదరులను కోరుతున్నాము. ఎల్లరకు ఉగాది శుభాకాంక్షలు.