కొలంబోలో మన గిరి గారు

2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులను పాకిస్తాన్ వాళ్లు పట్టుకున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికొచ్చారు. పరాయి దేశంలో ఇలా చిక్కుకున్నవాళ్ల తరఫున అక్కడి ప్రభుత్వంతో మాట్లాడేది మన రాయబార కార్యాలయమే. కామన్వెల్త్ దేశాల్లో అయితే రాయబారిని హైకమిషనర్ అంటారు. పేరు వేరు, పని ఒక్కటే.

అలా సిలోన్‌కు, అంటే నేటి శ్రీలంకకు, 1947లో మన మొదటి హైకమిషనర్‌గా వెళ్లినవారు వరాహగిరి వెంకటగిరి. పిల్లలు జీకేలో ఆయన్ను నాలుగో రాష్ట్రపతిగానే చదువుతారు. నాకు మాత్రం ఆ కొలంబో ఉద్యోగమే ఎక్కువ ఆసక్తి.

1894లో బరంపురంలో పుట్టారు. అది అప్పటి గంజాం జిల్లా, మన శ్రీకాకుళం కూడా అందులోనే ఉండేది. ఐర్లాండులో లా చదువుతూ అక్కడి స్వాతంత్ర్య పోరాటం వైపు మొగ్గారు, 1916లో ఆ దేశం వదిలి రావాల్సి వచ్చింది. తర్వాత రైల్వే కార్మికుల నాయకుడయ్యారు. పలాస, ఆమదాలవలస, విజయనగరం మీదుగా వెళ్లే మన లైను అప్పట్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేదే. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజా గారిని బొబ్బిలిలోనే ఓడించి, మద్రాసులో కార్మిక మంత్రి అయ్యారు.

అలాంటి మనిషిని సిలోన్‌కు పంపారు. అక్కడి టీ తోటల్లో దక్షిణ భారతం నుంచి, ఎక్కువగా తమిళ ప్రాంతం నుంచి, వెళ్లిన కూలీల కుటుంబాలు లక్షల్లో ఉన్నాయి. 1948 ఫిబ్రవరి 4న సిలోన్‌కు స్వాతంత్ర్యం వచ్చింది. అదే ఏడాది వచ్చిన పౌరసత్వ చట్టంతో సుమారు ఏడు లక్షల మంది ఏ దేశానికీ చెందనివాళ్లయ్యారు. 1949లో ఇంకో చట్టం దారి చూపింది గానీ, పెళ్లయినవాళ్లు 7 ఏళ్లు, కానివాళ్లు 10 ఏళ్లు ఎడతెగకుండా అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. మనం స్కూల్ అడ్మిషన్‌కి ఒక్క సర్టిఫికెట్ దొరక్క ఎంత తిరుగుతామో ఆలోచించండి. తోట లైన్లలో పుట్టిన కూలీ దగ్గర ఏ కాగితం ఉంటుంది?

ఇక్కడే గిరి గారి చిక్కు. రైల్వేలో అయితే సమ్మె చేయించగలరు. రాయబారి అలా చేస్తే ఇంకో దేశపు వ్యవహారంలో వేలు పెట్టినట్టే. రెండు ప్రభుత్వాల మధ్య మాట నడపడమే ఆయన పని. సిలోన్ పౌరుడెవరో సిలోనే నిర్ణయిస్తుందని ప్రధాని సేనానాయకే పట్టు. తరాలుగా అక్కడ చెమటోడ్చినవాళ్లు అక్కడివాళ్లేనని నెహ్రూ గారి వాదన. 1951లో గిరి గారు తిరిగొచ్చేనాటికి అది తేలలేదు. 1947లో ఓటేసిన తోట కూలీల్లో చాలామందికి 1952 ఎన్నికల్లో ఓటే లేదు.

ఆ 1952లోనే ఆయన మన పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల విషయంలో ప్రభుత్వంతో కుదరక 1954లో రాజీనామా చేశారు. మంత్రికి ఆ వెసులుబాటు ఉంది మరి. 1957లో పార్వతీపురంలో ఓడిపోయారు.

1964లో శాస్త్రి, సిరిమావో ఒప్పందం కుదిరింది. 5,25,000 మందిని భారత్ తీసుకోవాలి, 3,00,000 మందికి సిలోన్ పౌరసత్వం ఇవ్వాలి, మిగతా 1,50,000 మంది సంగతి తర్వాత. అప్పటికి గిరి గారు కేరళ గవర్నరు. 1969లో రాష్ట్రపతి అయ్యాక, విదేశీ రాయబారులు వచ్చి అధికార పత్రాలు అందించేది ఆయన చేతికే. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. పౌరసత్వం లేకుండా మిగిలిపోయిన తోట కుటుంబాల కోసం శ్రీలంక చట్టం చేసింది 2003లో.