లెక్క చూసుకోని నటుడు – బాలగంధర్వ

సర్వీసులో ఉన్నన్నాళ్ళూ బదిలీ ఉత్తర్వు చేతికొస్తే ఇంట్లో ఎంత కలకలమో మన సభ్యులకు వేరే చెప్పనక్కర్లేదు. సామాను గోనెసంచుల్లో కుట్టడం, పిల్లల టి.సి.లు, కొత్త ఊళ్ళో అద్దె ఇల్లు. నాకు తొమ్మిది బదిలీలయ్యాయి. అటువంటిది ఒక పెద్ద బలగాన్ని, తెరలు, నగలపెట్టెలు, వంటపాత్రలతో సహా ఊరూరా తిప్పుతూ ఇరవై ఏళ్ళ పైచిలుకు నాటక కంపెనీ నడిపిన మనిషి కథ ఇది. నేను పనిచేసింది అకౌంట్స్ సెక్షన్లో గనుక ఆయన పాటకంటే ముందు ఆయన జమాఖర్చులే నా కంటబడ్డాయి. పాఠకులు మన్నించాలి.

ఆయన అసలు పేరు నారాయణ శ్రీపాద రాజహంస. 1888 జూన్ 26న పుట్టారు. స్వస్థలం సాంగ్లీ ప్రాంతంలోని నాగఠాణే. పదేళ్ళ వయసులో పూనాలో పాడగా విని లోకమాన్య తిలక్ గారు బాలగంధర్వుడని మెచ్చుకున్నారు. ఆ మాటే పేరుగా నిలిచిపోయింది. కొల్హాపూర్ ప్రభువు శాహూ మహారాజ్ ఆదరణతో 1905లో కిర్లోస్కర్ నాటక మండలిలో చేరి, మిరజ్‌లో శకుంతల వేషం కట్టారు. అది మొదలు స్త్రీ పాత్రలే ఆయన జీవితమైపోయాయి. మన స్థానం నరసింహారావు గారు సత్యభామగా తెలుగుదేశాన్ని ఎలా ఊపారో, అంతకుముందే మహారాష్ట్రను ఈయన అలా ఊపారు. ఆయన చీరకట్టు, కొప్పులో పూలు పెట్టుకునే తీరు చూసి గొప్పింటి ఆడవాళ్ళు నేర్చుకునేవారు.

మరాఠీ నాటకానికీ మనకూ చుట్టరికం పాతదే. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక కంపెనీ రాజమండ్రి వచ్చి ఆడి వెళ్ళాకనే కందుకూరి వీరేశలింగం గారు అక్కడ తెలుగు నాటకం ఆడించారు.

1911 మార్చిలో బొంబాయిలో ఖాడిల్కర్ గారి ‘మానాపమానం’ మొదటి ప్రదర్శన. ఆ రోజే ఆయన పసికూతురు చనిపోయింది. ఆట ఆపుదామని అందరూ అనుకున్నారు. ఆయన ఆపనివ్వలేదు. ముఖానికి రంగు వేసుకుని నాయికగా నవ్వుతూ పాడారు. ఇది గొప్పతనమని పుస్తకాల్లో రాస్తారు. ఆడపిల్లల తండ్రిగా నాకు మాత్రం ఆ రాత్రి తలచుకుంటే ఇప్పటికీ ఏమనాలో తోచదు.

1913లో గణపతరావు బోడస్, గోవిందరావు టేంబే గార్లతో కలిసి గంధర్వ నాటక మండలి పెట్టారు. కొన్నేళ్ళకు ఆ భాగస్వాములిద్దరూ విడిపోయారు, బరువంతా ఈయన మీదే పడింది. బడోదా సంస్థానం ఆదరణ ఉండేది. కంపెనీ ఒక ఊళ్ళో దిగిందంటే కొన్ని వారాలపాటు మకాం. అందరికీ ఒకే చోట వంట, ఒకే చోట బస. ఆట రాత్రి మొదలైతే, వన్స్‌మోర్ల మీద వన్స్‌మోర్లతో తెల్లవారుజాము దాకా సాగేది. ‘స్వయంవరం’లో రుక్మిణి పాటలకు బాణీలు కట్టింది ఆయన గురువు భాస్కరబువా బఖలే. తబలా మీద అహ్మద్‌జాన్ తిరఖ్వా, సారంగి మీద కాదర్‌బక్ష్. అటువంటి ఉస్తాదులను జీతమిచ్చి కంపెనీతో తిప్పడమంటే మాటలా!

ఇక ఖర్చు. రంగస్థలం మీద మహారాణి కట్టే చీర నిజమైన పట్టుచీరే కావాలి, అత్తరు అసలైనదే కావాలి. ‘ద్రౌపది’ నాటకంలో మయసభకు మంచినీళ్ళలా డబ్బు పోశారు. అలాగని ఆడంబరం ఒక్కటే ఆయన విద్య కాదు. ‘ఏకచ్ ప్యాలా’లో తాగుబోతు భార్య సింధుగా అతుకుల చీరతో వచ్చి జనాన్ని ఏడిపించారు. నటన మీద అంత శ్రద్ధ ఉన్న మనిషి క్యాష్‌బుక్కు మాత్రం తెరిచి చూడలేదు. 1921 నాటికి కంపెనీ నెత్తిన లక్ష పైబడిన అప్పు. ఆనాటి లక్ష! అదే ఏడాది జులై 8న కేశవరావు భోస్లే గారితో కలిసి తిలక్ స్వరాజ్య నిధికోసం ‘మానాపమానం’ ఆడి, వచ్చినదంతా ఇచ్చివేశారు. అప్పులో ఉన్నవాడు చేసే పనేనా అని నాలోని గుమాస్తా గొణిగాడు. కానీ ఆయన అప్పు ఎగవేయలేదు. ఊరూరా ఆడి, ఏళ్ళ తరబడి కట్టి తీర్చేశారు. ఈ సంగతి చదివాక నేను నోరు మూసుకున్నాను.

తర్వాత టాకీలు వచ్చాయి. నాటకశాలలు ఒక్కొక్కటే సినిమాహాళ్ళయ్యాయి. 1935లో ప్రభాత్ వారి ‘ధర్మాత్మ’లో ఏకనాథుడుగా, మగవేషంతో నటించారు గానీ, ముక్కలు ముక్కలుగా తీసే ఆ పని ఆయనకు పడలేదు. కళ్ళెదుట జనం లేకుండా పాడటం ఆయనకు చేతకాలేదు. మళ్ళీ నాటకానికే వచ్చారు. 1938లో గోహర్‌బాయి కర్ణాటకి కంపెనీలో చేరి స్త్రీ పాత్రలు వేయసాగారు. ఆమె కోసం ఆయన చాలామంది అభిమానానికి దూరమయ్యారు. మొదటి భార్య పోయిన చాలా ఏళ్ళకు, 1951లో, ఆమెను పెళ్ళి చేసుకున్నారు. చివరి రోజుల్లో కాళ్ళు పడిపోయాయి. కూర్చునే భజనలు పాడేవారు. మనలాగ ఒకటో తారీఖున పెన్షన్ వచ్చే ఉద్యోగం కాదు గదా ఆయనది. సంగీత నాటక అకాడమీ పురస్కారం 1955లోనూ, పద్మభూషణ్ 1964లోనూ వచ్చాయి. ఆ 1964లోనే గోహర్‌బాయి పోయారు. 1967 జులై 15న పూనాలో ఆయన కన్నుమూశారు.

పూనాలో ఆయన పేరిట రంగమందిరం ఉంది. 1962లో పునాదిరాయి ఆయన చేతే వేయించారు. 1968లో ఆయన పుట్టినరోజునే తెరిచారు. మా అబ్బాయి అక్కడ ఉద్యోగంలో ఉండగా నేనూ మా ఆవిడా వెళ్ళి చూశాం. లోపల రెండు పెద్ద తైలవర్ణ చిత్రాలు – ఒకటి ఆయన మామూలు వేషంలో, రెండోది పట్టుచీరలో. మా మనవరాలు రెండింటినీ మార్చి మార్చి చూసి, ఈ మామ్మగారు ఎవరు తాతయ్యా, ఈయన భార్యా అని అడిగింది.