లెక్క తప్పని మనిషి మైకేల్ ఫారడే



దివ్యబలిపూజలో గురువు పైకెత్తే పానపాత్రను మీరు ప్రతి ఆదివారం చూస్తూనే ఉంటారు. దాని లోపల మెరిసే బంగారు పూత ఎలా అంటుకుందో ఎప్పుడైనా ఆలోచించారా? చాలా పాత్రలకు ఆ పూత పెట్టేది కరెంటే. బంగారు లవణం కరిగిన నీటిలో పాత్రను ఉంచి విద్యుత్తు పంపితే, బంగారం పలుచని పొరగా పాత్రకు పడుతుంది. విద్యుత్తుతో పదార్థాలను ఇలా విడదీయడాన్ని విద్యుద్విశ్లేషణ అంటారు. ఎంత విద్యుత్తుకు ఎంత పదార్థం విడివడుతుందో లెక్క తేల్చిన మహనీయుడే మైకేల్ ఫారడే.

ఆయన 1791 సెప్టెంబరు 22న లండన్ సమీపంలో ఒక కమ్మరి ఇంట జన్మించారు. కటిక పేదరికం. ఒక కరువు రోజుల్లో ఆ పిల్లవానికి వారమంతటికీ ఒక్క రొట్టె దక్కింది. చదువు అంతంతమాత్రం. పద్నాలుగేళ్లకే పుస్తకాలు బైండింగు చేసే దుకాణంలో పనికి కుదిరారు. కుట్టడానికి వచ్చిన పుస్తకాలనే చదివి సైన్సు మీద మక్కువ పెంచుకున్నారు.

1812లో హంఫ్రీ డేవీ అనే గొప్ప శాస్త్రవేత్త ఉపన్యాసాలు విన్నారు. విన్నదంతా రాసి, తానే బైండు చేసి ఆయనకు పంపారు. మరుసటి ఏడాది డేవీ ఆయనను రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకునిగా చేర్చుకున్నారు.

1833, 1834 సంవత్సరాలలో ఫారడే రెండు నియమాలు వెల్లడించారు. విద్యుత్తు రెట్టింపైతే విడివడే పదార్థమూ రెట్టింపవుతుందన్నది మొదటిది. ఒకే విద్యుత్తుకు ఏ పదార్థం ఎంత వస్తుందన్నది దాని రసాయన తుల్యభారాన్ని బట్టి ఉంటుందన్నది రెండవది. ఇంటర్ చదివే మీ పిల్లలను అడగండి, చెబుతారు. 96,500 కూలుంబుల విద్యుత్తుకు వెండి 108 గ్రాములు వస్తుంది. ఒక ఆంపియరు కరెంటు గంటసేపు ప్రవహిస్తే 3,600 కూలుంబులు. 3,600ను 108తో గుణించి 96,500తో భాగించండి. సుమారు 4 గ్రాముల వెండి! మైలతుత్తం ద్రావణంలోనైతే అదే కరెంటుకు సుమారు 1.2 గ్రాముల రాగి వస్తుంది.

ఈ లెక్క మీదనే నేడు ఎన్నో కర్మాగారాలు నడుస్తున్నాయి. మీ వంటింటి అల్యూమినియం గిన్నె, కరెంటు తీగలోని శుద్ధమైన రాగి, తాగునీటిలో క్రిములను చంపే క్లోరిన్, గిల్టు నగలు అన్నీ విద్యుద్విశ్లేషణ చలవే.

ఇంత కచ్చితంగా లెక్క కట్టిన ఆయన తనకు రావలసిన దానికి మాత్రం ఎన్నడూ లెక్క కట్టుకోలేదు. వ్యాపారులకు సలహాలిచ్చి ధనం గడించే అవకాశం ఉన్నా పరిశోధన కోసం వదులుకున్నారు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి ఇస్తామంటే వద్దన్నారు. పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు మాత్రం సంతోషంగా చెప్పేవారు.

ఫారడే కతోలికులు కారు. శాండిమానియన్లు అనే చిన్న క్రైస్తవ సమాజానికి చెందినవారు. 1840లో అక్కడ సంఘపెద్ద అయ్యారు. కాని 1844లో ఆ సమాజమే ఆయనను పెద్దరికం నుండి తొలగించి, కొన్ని వారాలపాటు వెలివేసింది. అప్పటికే లోకమంతా ఆయన పేరు మారుమోగుతోంది. ఆ పదిమంది పేదల సంఘంతో నాకేం పని అని ఆయన అనుకోలేదు. తలవంచి తిరిగి చేరారు. పదహారేళ్లపాటు వెనుక వరుసలో సామాన్య విశ్వాసిగానే ఉన్నారు. 1860లో గాని పెద్దరికం మళ్లీ రాలేదు.

మరి మనమో? పండుగనాడు వరుసలో ముందు నిలబెట్టలేదని, చందా పుస్తకంలో పేరు తప్పు పడిందని విచారణకు దూరమైన కుటుంబాలు మన మధ్య లేవా? ఒక మాట పట్టింపుతో ఏళ్ల తరబడి గుడి గడప తొక్కనివారు మనలో లేరా?

ఫారడే 1867 ఆగస్టు 25న కన్నుమూశారు. లండన్‌లోని హైగేట్ శ్మశానంలో సాదా రాయి కింద ఆయన నిద్రిస్తున్నారు.

వచ్చే ఆదివారం గురువు పానపాత్రను పైకెత్తినప్పుడు ఈ కమ్మరి కుమారుణ్ణి ఒక్కసారి తలచుకోండి. ఆ పాత్ర మీద బంగారం ఒక్కసారిగా వచ్చి పడలేదు, కొద్దికొద్దిగా చేరింది. వినయమూ అంతే. పూజ ముగిశాక, మీతో మాట మానేసిన పొరుగువారిని మీరే ముందుగా పలకరించి చూడండి.