హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్

హెర్మన్ వాన్ హెల్మ్‌హోల్ట్జ్ (ఆగష్టు 31, 1821 - సెప్టెంబరు 8, 1894) సుప్రసిద్ధ జర్మన్ భౌతిక శాస్త్రవేత్త, వైద్యుడు. శక్తి నిత్యత్వ సూత్రాన్ని గణితపరంగా ప్రతిపాదించినవారిలో ముఖ్యుడు. ఇతని పేరుతో ప్రసిద్ధమైన అనునాదకం, నేడు కార్లలో అమర్చే గొట్టపు సబ్‌వూఫర్ పెట్టెల నిర్మాణానికి ఆధారం.

బాల్యము, విద్య

హెల్మ్‌హోల్ట్జ్ పోట్స్‌డాం పట్టణంలో ఒక పాఠశాల ఉపాధ్యాయుని ఇంట జన్మించాడు. భౌతిక శాస్త్రం అభ్యసించాలని కోరిక ఉన్నా తండ్రికి స్తోమత లేకపోయింది. అందువలన 1838లో బెర్లిన్‌లోని సైనిక వైద్య సంస్థలో చేరాడు. అక్కడ విద్య ఉచితం. ప్రతిగా ఎనిమిదేళ్ళు సైన్యంలో వైద్యసేవ చేయాలి. 1842లో డాక్టరేట్ పొంది, మరుసటి సంవత్సరం పోట్స్‌డాం సైనిక దళంలో చేరాడు. తీరిక వేళల్లో రచించిన శక్తి నిత్యత్వ వ్యాసాన్ని అన్నాలెన్ అనే భౌతిక శాస్త్ర పత్రిక తిరస్కరించగా, 1847లో చిన్న పుస్తకంగా ప్రచురించాడు. 1848లో హంబోల్ట్ సిఫారసుపై గడువుకు ముందే సైన్యం నుండి విముక్తి లభించింది.

పరిశోధనలు

1849లో కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. అక్కడ కప్ప నాడులలో ప్రేరణ వేగాన్ని కొలిచాడు. కంటి లోపలి రెటీనాను పరీక్షించే నేత్రదర్శినిని 1851లో ప్రకటించాడు. అనంతరం బాన్, హైడెల్‌బర్గ్, బెర్లిన్‌లలో బోధించాడు. 1859 డిసెంబరులో భార్య ఓల్గా దీర్ఘవ్యాధితో మరణించింది. తెరచిన చివరలు గల గొట్టాలలోని గాలి కంపనాలపై ఇతని ప్రసిద్ధ గణిత వ్యాసం 1860లో వెలువడింది. ధ్వని, సంగీతాలపై ఇతని బృహద్గ్రంథం 1863లో ప్రచురితమైంది. విశాఖపట్నంలో బాల్యవిద్య నభ్యసించిన సి.వి.రామన్‌ను ప్రభావితం చేసిన గ్రంథాలలో ఇది ఒకటి.

అనునాదకం

ఇది ఇరుకైన ద్వారం గల బోలు పాత్ర. లోపలి గాలి స్ప్రింగు వలె, ద్వారంలోని గాలి దానికి తగిలించిన బరువు వలె పనిచేస్తాయి. కనుక పాత్ర ఒక నిర్ణీత పౌనఃపున్యం వద్ద మాత్రమే బలంగా స్పందిస్తుంది. హెల్మ్‌హోల్ట్జ్ ఇట్టి గోళాలను చెవికి అమర్చుకొని, ఒక స్వరంలో కలిసియున్న అతిస్వరాలను విడివిడిగా గుర్తించాడు.

సబ్‌వూఫర్ పెట్టెలలో ఉపయోగం

1932లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన ఆల్బర్ట్ థురాస్ ఈ సూత్రంపై స్పీకరు పెట్టెకు పేటెంటు పొందాడు. పెట్టె ఘనపరిమాణం నాలుగింతలైతే పౌనఃపున్యం సగమవుతుంది. గొట్టం పొడవు పెరిగినా తగ్గుతుంది. గొట్టం వైశాల్యం పెరిగితే పౌనఃపున్యం పెరుగుతుంది. నిర్మాణంలో తరచుగా ఎదురయ్యే లోపాలకు కారణాలు ఇందులోనే ఉన్నాయి.

స్పీకరు, గొట్టం, లోపలి ఆధారపు చెక్కలు ఆక్రమించే స్థలాన్ని తీసివేయకుండా లెక్కకడితే, పెట్టె అనుకున్నదానికంటే హెచ్చు పౌనఃపున్యం వద్ద మ్రోగుతుంది. గొట్టం చివరలకు వెలుపలనున్న గాలి కూడా కొంత కంపిస్తుంది. అందుచేత గొట్టం తన అసలు పొడవుకంటే ఎక్కువ పొడవున్నట్లు ప్రవర్తిస్తుంది. దానిని ఆ మేరకు పొట్టిగా కోయాలి. గొట్టపు మూతిని డిక్కీ గోడకు మరీ దగ్గరగా ఉంచితే పౌనఃపున్యం ఇంకా తగ్గుతుంది. చెక్కల అతుకుల వద్ద గాలి కారితే అనునాదం బలహీనపడి, మంద్ర ధ్వని పలచబడుతుంది. గొట్టం మరీ సన్ననిదైతే గాలి వేగం హెచ్చి బుసకొట్టే శబ్దం వస్తుంది. అనునాద పౌనఃపున్యానికి బాగా దిగువన పెట్టెలోని గాలి స్పీకరు పొరను నిలువరించలేదు. అట్టి ధ్వనులను ఆంప్లిఫయరులోనే వడగట్టకపోతే స్పీకరు చెడిపోవచ్చు.

చివరి సంవత్సరాలు

1888లో షార్లొట్టెన్‌బర్గ్‌లో జర్మన్ ప్రభుత్వ భౌతిక, సాంకేతిక సంస్థకు తొలి అధ్యక్షుడై మరణపర్యంతం కొనసాగాడు. ఇతని ప్రియశిష్యుడు, రేడియో తరంగాలను నిరూపించిన హైన్రిచ్ హెర్ట్జ్, 1894 జనవరి 1న 36 ఏళ్ళకే మరణించాడు. శిష్యుని చివరి గ్రంథానికి హెల్మ్‌హోల్ట్జ్ ముందుమాట వ్రాశాడు. అదే సంవత్సరం సెప్టెంబరు 8న షార్లొట్టెన్‌బర్గ్‌లో కన్నుమూశాడు.