సూర్యుని శోధించిన జాన్సెన్ పండితుడు

విద్యార్థులారా! మన తిరువూరి వేసవి యెండ నెరుగనివారు మీలో నొక్కరును లేరు. ఆ యెండనే పట్టి విద్యుచ్ఛక్తిగా మార్చు పలకలు నేడు అనేక గృహముల మీద కానవచ్చుచున్నవి. కర్నూలునకు సమీపమున ఓర్వకల్లు ప్రాంతమందు 2017వ సంవత్సరమున 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము వెలసెను. ఇంతటి శక్తికి నిలయమైన సూర్యుడు దేనితో నిర్మితుడో మానవుడు తెలిసికొన్న చరిత్రలో నొక ముఖ్యఘట్టము మనకు చేరువనున్న గుంటూరు పట్టణమున జరిగినది. దానికి కర్త పియెర్ జాన్సెన్.

ఆయన 1824 ఫిబ్రవరి 22వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. చిన్ననాట సంభవించిన ప్రమాదమువలన ఒక కాలు కుంటుపడి, ఆ లోపము జీవితాంతము వెన్నాడెను. తండ్రి సంగీత విద్వాంసుడు. కుటుంబము కలిమి గలది కాదు. అందుచే బాలుడు బడికి క్రమముగా పోజాలక, యౌవనారంభముననే బ్యాంకులో కొలువు చేయవలసి వచ్చెను. ఐనను విద్యాతృష్ణ తీరలేదు. తన తోడివారికంటె ఆలస్యముగనే పరీక్షల నిచ్చి, కొంతకాలము ఉపాధ్యాయుడై పిల్లలకు పాఠములు చెప్పి, 1860లో డాక్టరు పట్టమును పొందెను.

ఆ దినములలోనే వర్ణపటదర్శిని యను క్రొత్త సాధనము శాస్త్రజ్ఞుల చేతికి వచ్చియుండెను. మండుచున్న వాయువు వెలుగును గాజుపట్టకము గుండ పంపినచో కొన్ని రంగుల గీతలుగ విడిపోవును. ఏ పదార్థపు గీతలు దానివే. వానిని చూచి పదార్థమును గుర్తింపవచ్చును. 1868 ఆగస్టు 18వ తేదీన మన దేశమున సంపూర్ణ సూర్యగ్రహణము కాగలదని తెలిసి, జాన్సెన్ ఆ సాధనముతో సముద్రములు దాటి గుంటూరు చేరెను.

నాటి ఉదయము చంద్రుడు సూర్యబింబమును మూసివేసిన కొలది నిమిషములలో, అంచున లేచిన ఎఱ్ఱని జ్వాలలవైపు ఆయన తన సాధనమును త్రిప్పెను. కాంతిగల గీతలు గోచరించెను. ఆ జ్వాలలు ముఖ్యముగ హైడ్రోజను వాయువే యని తేలెను. గ్రహణము విడిచినది, ఇతరులకు పని ముగిసినది. జాన్సెనునకు మాత్రము అప్పుడే పని మొదలయ్యెను. ఆ గీతలు మిక్కిలి ప్రకాశవంతములుగ నుండుటచే, గ్రహణము లేకున్నను వానిని చూడవచ్చునని ఆయనకు తోచెను. ఆకాశపు వెలుతురు పట్టకము గుండ పోయి అన్ని రంగులలోనికి పరచుకొని పలుచనగును; జ్వాలల వెలుగు కొన్ని గీతలలోనే యుండుటచే అట్లు పలుచబడదు. ఇదియే కీలకము. ఆ దినము మబ్బులు అడ్డుపడగా, మరునాటి ఉదయమున ప్రయత్నించి కృతార్థుడయ్యెను. పిమ్మట పదునేడు దినములు పట్టపగలే ఆ జ్వాలలను పరిశీలించెను.

ఈ వార్తను సెప్టెంబరు 19న కాకినాడనుండి పారిస్ విజ్ఞాన పరిషత్తునకు వ్రాసెను. లేఖ చేరుటకు నెలకు పైగా పట్టినది. ఇంతలో అక్టోబరు 20న ఇంగ్లాండున లాకియర్ అను పండితుడు, జాన్సెను సంగతి యెరుగకయే, అదే పద్ధతిని కనుగొనెను. ఇరువురి వార్తలును అక్టోబరు 26న ఒకే సభకు చేరెను. ఎవరు ముందను కలహము లేచుటకు ఇంతకంటె కారణమేమి కావలయును? కాని పరిషత్తు ఇరువురిని గౌరవించెను. 1872లో ఇద్దరి ముఖములు గల పతకమును ఫ్రెంచి ప్రభుత్వము ముద్రింపించెను. వారిరువురును మిత్రులై యుండిరి.

హీలియమును జాన్సెన్ గుంటూరున కనుగొనెనని కొందరు వ్రాయుదురు, అది సరికాదు. ఆ జ్వాలలలోని పసుపుగీత సోడియము గీత కాదనియు, క్రొత్త పదార్థమునకు చెందినదనియు తేల్చినవాడు లాకియరే. ఆ పదార్థమే హీలియము. 1895లో రామ్సే దానిని భూమిపైనను కనుగొనెను. ఉన్న కీర్తి చాలినవారికి లేని కీర్తిని తగిలింప నవసరము లేదు.

1870లో శత్రువులు పారిస్‌ను ముట్టడించియుండగా, జాన్సెన్ మరియొక గ్రహణముకొరకు బెలూను నెక్కి నగరము దాటెను. ఇంత సాహసించి అల్జీరియా చేరినను మబ్బులు కమ్మి ఏమియు కానరాలేదు. ఆయన నిరాశపడక మరుసటి యేడు మరల మన దేశమునకు వచ్చి నీలగిరులనుండి గ్రహణమును చూచెను. పిదప మ్యుడాన్‌లో వేధశాలను నెలకొల్పి అనేక వత్సరములు సూర్యుని ఛాయాచిత్రములు తీయించెను. అరువదితొమ్మిదవ యేట, నడువజాలని కాలితో, కూలీల సాయమున మోఁ బ్లాఁ మంచు శిఖరము నెక్కి అచట వేధశాలను స్థాపించెను. 1907 డిసెంబరు 23న పరమపదించెను.

ఆయన కాలముననే మూషో అను ఫ్రెంచి ఉపాధ్యాయుడు అద్దములతో ఎండను కూర్చి యంత్రమును నడపి, 1878 పారిస్ ప్రదర్శనమున ఆ వేడిమితోనే మంచుగడ్డను చేసి చూపెను. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు ఎండనుండి విద్యుత్తునిచ్చు సిలికాను పలకను ప్రకటించిరి. సూర్యుని శక్తి యెక్కడిదో ఇరువదవ శతాబ్దమున తేలినది: సూర్యగర్భమున ప్రతి సెకండునకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజను హీలియముగా మారుచు, అందు 40 లక్షల టన్నుల ద్రవ్యము వెలుగును వేడిమియు నగుచున్నది. గుంటూరున జాన్సెన్ గుర్తించిన వాయువే ఆ మహాగ్నికి ఇంధనము!

బాలబాలికలారా! దేవుడు ధనికునకును దరిద్రునకును సమముగ ననుగ్రహించినది సూర్యకాంతి. దాని మర్మమును వెదకుటకు కుంటికాలు గాని, పేదరికము గాని, మబ్బులు గాని జాన్సెనునకు అడ్డు కాలేదు. గ్రహణము ముగిసినదని అందరును సాధనములు సర్దుకొనిన వేళ, మరునాటి ఉదయమునకు సిద్ధపడినవాడాయన. పరీక్ష ముగిసిన పిమ్మట పుస్తకము మూయక, మరియొక పుట త్రిప్పు విద్యార్థి మీలో నొక్కడున్నను ఈ వ్యాసము సఫలమగును.